అమెరికాలో ఫ్రాంచైజీ తీసుకుంటున్నారా..? కంపెనీ మధ్యలో కట్ చేస్తే మీ స్టేట్ చట్టం ఎంతవరకు కాపాడుతుందంటే..

ఒకే బ్రాండ్, ఒకే బోర్డు, దాదాపు ఒకే అగ్రిమెంట్. కానీ న్యూజెర్సీలో ఉన్న షాపు ఓనర్‌కు ఉన్న హక్కు టెక్సాస్‌లో ఉన్న ఓనర్‌కు ఉండకపోవచ్చు. కారణం.. ఫ్రాంచైజీ యజమానిని కాపాడే అసలు చట్టాలు అమెరికాలో చాలావరకు స్టేట్ చేతుల్లోనే ఉన్నాయి. ఏ స్టేట్‌లో ఎంత రక్షణ ఉంది? కంపెనీ రద్దు నోటీసు పంపిస్తే ఎన్ని రోజుల టైమ్ ఉంటుంది? సంతకం పెట్టే ముందు ఏం చూసుకోవాలి? పూర్తి వివరాలు ఇవీ..

శాండ్‌విచ్ షాపు, డోనట్ స్టోర్, పిల్లల ట్యూషన్ సెంటర్, హోటల్, గ్యాస్ స్టేషన్.. అమెరికాలో ఉద్యోగం చేస్తూ నాలుగు డబ్బులు వెనకేసుకున్న మనవాళ్లలో చాలామంది ఆలోచించే తర్వాతి మెట్టు ఇదే. బ్రాండ్ రెడీగా ఉంటుంది, ట్రైనింగ్ వాళ్లే ఇస్తారు, కస్టమర్లకు పేరు ముందే తెలుసు. అందుకే కొత్త బిజినెస్ కంటే ఫ్రాంచైజీ సేఫ్ అనే నమ్మకం.

అయితే అగ్రిమెంట్ రాసేది కంపెనీ లాయర్లు. వందల పేజీల ఆ కాగితాల్లో కంపెనీకి అనుకూలమైన క్లాజులే ఎక్కువగా ఉంటాయి. ఎప్పుడు రద్దు చేయొచ్చు, రెన్యువల్ ఇవ్వాలా వద్దా, షాపును ఎవరికి అమ్ముకోవచ్చు, గొడవ వస్తే ఏ ఊరి కోర్టుకు వెళ్లాలి.. అన్నీ వాళ్లే రాసుకుంటారు. మరోవైపు షాపు లీజు, మెషీన్లు, బ్యాంకు లోన్ అన్నీ ఓనర్ పేరు మీదే ఉంటాయి. లోన్‌కు పర్సనల్ గ్యారెంటీ కూడా ఇచ్చి ఉంటారు. బోర్డు పీకేస్తే కంపెనీకి పోయేది ఒక షాపు.. ఓనర్‌కు పోయేది జీవితకాలపు పొదుపు. ఈ తేడాను కొంతైనా సరిచేయడానికే స్టేట్ చట్టాలు వచ్చాయి.

ఫెడరల్ రూల్ ఉంది కదా.. అది చాలదా?

చాలదు. ఫెడరల్ ట్రేడ్ కమిషన్, అంటే ఎఫ్‌టీసీ, 1978లో ఫ్రాంచైజ్ రూల్ తెచ్చింది. 2007లో దాన్ని సవరించింది. దీని ప్రకారం ఫ్రాంచైజీ అమ్మే ప్రతి కంపెనీ 23 అంశాలతో ఒక డిస్‌క్లోజర్ డాక్యుమెంట్ ఇవ్వాలి. దాన్నే ఎఫ్‌డీడీ అంటారు. మీరు సంతకం పెట్టడానికి గానీ, డబ్బు కట్టడానికి గానీ కనీసం 14 రోజుల ముందు అది మీ చేతికి రావాలి.

ఇక్కడే రెండు పెద్ద లోపాలున్నాయి. ఒకటి.. ఈ రూల్ అమ్మే ముందు సమాచారం ఇవ్వమని మాత్రమే చెబుతుంది. అగ్రిమెంట్ నడుస్తున్నప్పుడు కంపెనీ ఎలా ప్రవర్తించాలో చెప్పదు. రెండు.. కంపెనీ ఈ రూల్‌ను ఉల్లంఘించినా దాని కింద మీరు నేరుగా కోర్టుకు వెళ్లి కేసు వేయలేరు. చర్య తీసుకోవాల్సింది ఎఫ్‌టీసీనే. ఇక ఎఫ్‌డీడీని ఎఫ్‌టీసీ ముందుగా చెక్ చేసి ఆమోదించే పద్ధతి కూడా లేదు.

స్టేట్ చట్టాలు రెండు రకాలు

మొదటి రకం.. అమ్మకానికి ముందు కాపాడేవి. కాలిఫోర్నియా, న్యూయార్క్, ఇల్లినాయ్, మేరీలాండ్, వర్జీనియా, వాషింగ్టన్, మిన్నెసోటా లాంటి స్టేట్స్‌లో కంపెనీ ఫ్రాంచైజీలు అమ్మాలంటే ముందు స్టేట్ దగ్గర రిజిస్టర్ చేసుకోవాలి. స్టేట్ అధికారులు ఎఫ్‌డీడీని పరిశీలిస్తారు. కంపెనీ ఆర్థిక పరిస్థితి బలహీనంగా ఉందనిపిస్తే, షాపు ఓపెన్ అయ్యే వరకు మీ దగ్గర ఫీజు వసూలు చేయొద్దని షరతు కూడా పెట్టగలరు. తప్పుడు సమాచారంతో అమ్మితే నష్టపరిహారం కోసం ఓనర్ స్వయంగా కేసు వేసే హక్కు ఈ చట్టాల్లో ఉంటుంది. ఫెడరల్ రూల్‌లో లేనిది ఇదే.

అయితే ఒక్క మాట.. రిజిస్టర్ అయింది అంటే ఆ బిజినెస్ మంచిదని స్టేట్ సర్టిఫికెట్ ఇచ్చినట్టు కాదు.

రెండో రకం.. సంతకం పెట్టాక కాపాడేవి. వీటినే రిలేషన్‌షిప్ చట్టాలు అంటారు. రద్దుకు సరైన కారణం ఉండాలి, ముందుగా నోటీసు ఇవ్వాలి, తప్పు సరిదిద్దుకునే టైమ్ ఇవ్వాలి, షాపు అమ్ముకునే హక్కు ఉండాలి.. ఇలాంటివన్నీ వీటిలోనే ఉంటాయి. కొన్ని స్టేట్స్‌లో రెండు రకాలూ ఉన్నాయి, కొన్నింటిలో ఒకటే ఉంది, చాలా స్టేట్స్‌లో ఏదీ లేదు.

కాలిఫోర్నియా: 60 రోజుల టైమ్, షాపు విలువ కట్టాలి

ఫ్రాంచైజీల అమ్మకంపై దేశంలో మొట్టమొదట చట్టం చేసిన స్టేట్ ఇదే. 1970లో చేసిన ఆ చట్టం 1971 నుంచి అమల్లోకి వచ్చింది. ఆ తర్వాత ఫ్రాంచైజ్ రిలేషన్స్ చట్టం వచ్చింది. దాన్ని మరింత గట్టిపరుస్తూ వచ్చిన బిల్లును 2014లో అప్పటి గవర్నర్ జెర్రీ బ్రౌన్ వీటో చేశారు. మళ్లీ చర్చలు జరిగి, ఏబీ 525 పేరుతో వచ్చిన బిల్లుపై 2015 అక్టోబర్‌లో ఆయనే సంతకం చేశారు. 2016 జనవరి 1 నుంచి కుదిరిన లేదా రెన్యువల్ అయిన అగ్రిమెంట్లకు ఇది వర్తిస్తుంది.

ఇందులో ముఖ్యమైనవి ఇవీ:

- గడువు ముగియకముందే రద్దు చేయాలంటే సరైన కారణం ఉండాలి. అంటే ఓనర్ అగ్రిమెంట్‌లోని ముఖ్యమైన, చట్టబద్ధమైన షరతులను పాటించకపోయి ఉండాలి.
- తప్పు ఏంటో నోటీసులో చెప్పి, సరిదిద్దుకోవడానికి కనీసం 60 రోజులు ఇవ్వాలి. అంతకుముందు ఈ విషయంలో గరిష్ఠంగా 30 రోజులిస్తే సరిపోయేది. ఉదాహరణకు మార్చి 1న నోటీసు వస్తే ఏప్రిల్ 30 వరకు టైమ్ ఉన్నట్టే.
- రెన్యువల్ ఇవ్వకూడదనుకుంటే కనీసం 180 రోజుల ముందే చెప్పాలి.
- కంపెనీ ప్రమాణాలకు సరిపోయే వ్యక్తి దొరికితే ఓనర్ తన షాపును అమ్ముకోవచ్చు. పూర్తి కాగితాలు అందాక 60 రోజుల్లో ఓకేనా కాదా అని కంపెనీ చెప్పాలి. కాదంటే కారణం రాయాలి.
- చట్టప్రకారమే రద్దు చేసినా, కంపెనీ దగ్గర లేదా అది ఆమోదించిన సప్లయర్ల దగ్గర కొన్న సరుకు, సామగ్రిని తరుగుదల తీసేసి కంపెనీ తిరిగి కొనుక్కోవాలి. దీనికి కొన్ని మినహాయింపులున్నాయి.
- చట్టవిరుద్ధంగా రద్దు చేస్తే బిజినెస్ మార్కెట్ విలువను, ఇతర నష్టాలను ఓనర్‌కు చెల్లించాలి.

మరి వెంటనే రద్దు చేసే అవకాశం అసలు లేదా అంటే.. ఉంది. ఓనర్ దివాలా తీసినా, వరుసగా 5 రోజులు షాపు మూసేసి వదిలేసినట్టు కనిపించినా, నోటీసు ఇచ్చిన 5 రోజుల్లో ఫీజు కట్టకపోయినా, ప్రజల ఆరోగ్యానికి, భద్రతకు ప్రమాదం ఉన్నా 60 రోజుల రూల్ పనిచేయదు. అంటే రాయల్టీ బాకీ పడితే ఉన్న టైమ్ చాలా తక్కువ. చాలామంది దెబ్బతినేది ఇక్కడే.

న్యూజెర్సీ: రెన్యువల్ ఆపాలన్నా కారణం కావాల్సిందే

ఎడిసన్, జెర్సీ సిటీ చుట్టుపక్కల ఉన్న తెలుగువాళ్లు తప్పకుండా తెలుసుకోవాల్సిన చట్టం ఇది. 1971లో వచ్చిన న్యూజెర్సీ ఫ్రాంచైజ్ ప్రాక్టీసెస్ చట్టం దేశంలోని బలమైన చట్టాల్లో ఒకటి. మామూలుగా అగ్రిమెంట్ గడువు 10 ఏళ్లు అయితే, ఆ తర్వాత రెన్యువల్ ఇవ్వడం కంపెనీ ఇష్టం అనుకుంటాం. ఇక్కడ అలా కాదు. ఓనర్ షరతులు సరిగ్గా పాటిస్తుంటే రెన్యువల్ ఆపడానికి కూడా సరైన కారణం చూపించాలి.

రద్దు చేయాలంటే కారణాలన్నీ రాసి 60 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. ఓనర్ షాపును తనంతట తానే వదిలేస్తే అది 15 రోజులకు తగ్గుతుంది. షాపు అమ్మకం విషయంలో 60 రోజుల్లోగా కంపెనీ జవాబు ఇవ్వకపోతే ఒప్పుకున్నట్టే లెక్క. ఓనర్లు అసోసియేషన్‌గా ఏర్పడకుండా అడ్డుకోవడం, సాధ్యం కాని టార్గెట్లు పెట్టడం కూడా నిషేధం. కేసు గెలిస్తే నష్టపరిహారంతో పాటు లాయర్ ఫీజు కూడా కంపెనీ నుంచి రాబట్టుకోవచ్చు.

అయితే ఈ చట్టం అందరికీ వర్తించదు. మూడు షరతులున్నాయి. న్యూజెర్సీలో వ్యాపార స్థలం ఉండాలి. కంపెనీకి, ఓనర్‌కు మధ్య జరిగిన అమ్మకాలు ఏడాదిలో 35 వేల డాలర్లు దాటాలి. ఓనర్ మొత్తం అమ్మకాల్లో 20 శాతానికి పైగా ఈ ఫ్రాంచైజీ నుంచే రావాలి.

ఇంకో ముఖ్యమైన తేడా గమనించండి. కాలిఫోర్నియా చట్టంలో 60 రోజులు తప్పు సరిదిద్దుకునే టైమ్. న్యూజెర్సీలో 60 రోజులు నోటీసు టైమ్. తప్పు సరిదిద్దుకుంటే రద్దు ఆగిపోతుందని న్యూజెర్సీ చట్టంలో విడిగా రాసి లేదు. రెండూ ఒకటే అనుకుంటే ఇబ్బందే.

కోర్టులు కూడా ఇక్కడ ఓనర్ల వైపు గట్టిగా నిలబడ్డ సందర్భాలున్నాయి. 1973లో షెల్ ఆయిల్ కంపెనీకి, ఒక గ్యాస్ స్టేషన్ నడిపే వ్యక్తికి మధ్య కేసు న్యూజెర్సీ సుప్రీంకోర్టుకు వెళ్లింది. అగ్రిమెంట్ ఈ చట్టం కంటే ముందుది. అయినా సరే, సరైన కారణం లేకుండా సంబంధం తెంచుకోవడం పబ్లిక్ పాలసీకి విరుద్ధమని కోర్టు తేల్చింది. 1996లో సన్ మైక్రోసిస్టమ్స్ కేసులోనూ ఇదే కోర్టు, గొడవలు వేరే స్టేట్ కోర్టులోనే తేల్చుకోవాలనే క్లాజులు ఈ చట్టం కింద సాధారణంగా చెల్లవని చెప్పింది.

మిగతా స్టేట్స్‌లో ఎలా ఉందంటే..

- విస్కాన్సిన్: 1974 నాటి ఫెయిర్ డీలర్‌షిప్ చట్టం ప్రకారం 90 రోజుల నోటీసు, అందులో 60 రోజులు సరిదిద్దుకునే టైమ్. బాకీ కట్టకపోవడమే కారణమైతే 10 రోజులే.
- మిన్నెసోటా: రద్దుకు 90 రోజుల నోటీసు, 60 రోజులు సరిదిద్దుకునే టైమ్. రెన్యువల్ ఇవ్వకపోతే 180 రోజుల నోటీసు.
- ఇల్లినాయ్: రద్దుకు సరైన కారణం తప్పనిసరి. సరిదిద్దుకోవడానికి సహేతుకమైన టైమ్ ఇవ్వాలి, అయితే అది 30 రోజులకు మించాల్సిన పనిలేదు.
- వాషింగ్టన్: రెండు వైపులా నిజాయితీగా వ్యవహరించాలని చట్టమే చెబుతుంది. ఓనర్లు కలిసి అసోసియేషన్ పెట్టుకునే హక్కు కూడా ఉంది.
- న్యూయార్క్: అమ్మే ముందు రిజిస్ట్రేషన్, డిస్‌క్లోజర్ రూల్స్ గట్టిగా ఉన్నాయి. కానీ రద్దు, రెన్యువల్ విషయంలో అన్ని ఫ్రాంచైజీలకూ వర్తించే రిలేషన్‌షిప్ చట్టం లేదు.
- టెక్సాస్: ఫ్రాంచైజీల కోసం న్యూజెర్సీ తరహా రిలేషన్‌షిప్ చట్టం లేదు. డాలస్, హ్యూస్టన్‌లో షాపు పెట్టేవాళ్లకు అగ్రిమెంట్‌లో ఏం రాసుంటే దాదాపు అదే చట్టం. అందుకే అక్కడ సంతకానికి ముందు బేరం ఆడుకోవడమే అసలు రక్షణ.

గ్యాస్ స్టేషన్ అయితే లెక్క వేరు

ఒక బ్రాండ్ పెట్రోల్ అమ్మే గ్యాస్ స్టేషన్ నడుపుతుంటే రద్దు, రెన్యువల్ విషయాల్లో 1978 నాటి పెట్రోలియం మార్కెటింగ్ ప్రాక్టీసెస్ చట్టం వర్తిస్తుంది. ఇది ఫెడరల్ చట్టం. మామూలుగా 90 రోజుల నోటీసు ఇవ్వాలి. ఈ రెండు విషయాల్లో స్టేట్ చట్టం దీనికి భిన్నంగా ఉంటే ఫెడరల్ చట్టానిదే పైచేయి. స్టేషన్‌తో పాటు వేరే బ్రాండ్ స్టోర్ కూడా ఉంటే, దేనికి ఏ చట్టమో విడివిడిగా చూసుకోవాలి.

స్టేట్ చట్టం ఉన్నా దెబ్బపడేది ఎక్కడ?

మొదటిది ఆర్బిట్రేషన్ క్లాజు. గొడవ వస్తే కోర్టుకు కాకుండా మధ్యవర్తి దగ్గరే తేల్చుకోవాలని చాలా అగ్రిమెంట్లలో ఉంటుంది. 7-ఎలెవెన్ స్టోర్లు నడిపే సౌత్‌లాండ్ కంపెనీపై కాలిఫోర్నియా ఓనర్లు వేసిన కేసులో 1984లో అమెరికా సుప్రీంకోర్టు కీలక తీర్పు ఇచ్చింది. ఇలాంటి గొడవలు కోర్టులోనే తేలాలని స్టేట్ చట్టం చెప్పినా, ఫెడరల్ ఆర్బిట్రేషన్ చట్టం ముందు అది నిలవదని తేల్చింది. అంటే మీ హక్కు మీకే ఉంటుంది.. కానీ దాన్ని అడగాల్సిన చోటు కోర్టు కాకపోవచ్చు. ఆ విచారణ వేరే స్టేట్‌లో జరిగితే ప్రయాణాలు, ఖర్చులు మీవే.

రెండోది ఏ ఊరి కోర్టు అన్న సమస్య. మిషిగన్‌లో బర్గర్ కింగ్ రెస్టారెంట్ నడిపి బాకీ పడ్డ ఓనర్‌పై కంపెనీ ఫ్లోరిడాలో కేసు వేసింది. నేనెందుకు అంత దూరం రావాలని ఓనర్ వాదించినా, 1985లో సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. కాలిఫోర్నియాలో నడిచే షాపుల విషయంలో వేరే స్టేట్‌కు రావాలనే క్లాజు చెల్లదని అక్కడి చట్టం చెబుతోంది. కానీ అది ఆర్బిట్రేషన్‌కు కూడా వర్తిస్తుందని గ్యారెంటీ లేదు.

మూడోది ఓనర్ చేసే తప్పు. 1985లోనే డంకిన్ డోనట్స్ కేసులో న్యూజెర్సీ సుప్రీంకోర్టు ఎదుటకు వచ్చిన విషయం.. ఓనర్ అమ్మకాలను కావాలని తక్కువ చేసి చూపించడం. రాయల్టీ అమ్మకాల మీదే లెక్క కాబట్టి అది నేరుగా కంపెనీని మోసం చేయడమే. చట్టం ఎంత బలంగా ఉన్నా ఇలాంటి ఓనర్‌ను కాపాడదని కోర్టు స్పష్టం చేసింది. క్యాష్ అమ్మకాలు కొన్ని లెక్కలో చూపించకపోతే ఏమవుతుందిలే అనుకునేవాళ్లు గుర్తుపెట్టుకోవాల్సిన తీర్పు ఇది.

సంతకానికి ముందు ఎఫ్‌డీడీలో ఏం చూడాలి?

23 అంశాలూ చదవాల్సిందే. టైమ్ తక్కువగా ఉంటే ముందుగా ఇవి చూడండి:

- ఐటమ్ 3: కంపెనీపై ఉన్న కేసులు. ఓనర్లే కేసులు వేసి ఉంటే ఎందుకో తెలుసుకోండి.
- ఐటమ్ 6, 7: రాయల్టీ, ప్రకటనల ఫీజు, మొత్తం పెట్టుబడి అంచనా.
- ఐటమ్ 12: మీ ఏరియాలో ఇంకో షాపు పెట్టకుండా రక్షణ ఉందా లేదా.
- ఐటమ్ 17: రెన్యువల్, రద్దు, అమ్మకం, గొడవల పరిష్కారం. ఇది టేబుల్ రూపంలో ఉంటుంది. మొత్తం డాక్యుమెంట్‌లో అన్నిటికంటే జాగ్రత్తగా చదవాల్సింది ఇదే.
- ఐటమ్ 19: ఆదాయం వివరాలు. ఇవ్వడం తప్పనిసరి కాదు. ఇక్కడ ఏమీ ఇవ్వకుండా, సేల్స్‌మన్ మాత్రం నెలకు ఇంత వస్తుందని నోటిమాటగా చెబుతుంటే అది రూల్‌కు విరుద్ధం.
- ఐటమ్ 20: ఎన్ని షాపులు తెరిచారు, ఎన్ని మూతపడ్డాయి, ప్రస్తుత ఓనర్ల, ఈమధ్య తప్పుకున్న ఓనర్ల వివరాలు. తప్పుకున్నవాళ్లకు ఫోన్ చేస్తే అసలు కథ తెలుస్తుంది.

రిజిస్ట్రేషన్ స్టేట్స్‌లో ఎఫ్‌డీడీ చివర స్టేట్ అడెండం అని కొన్ని పేజీలు ఉంటాయి. అగ్రిమెంట్‌లోని ఏ క్లాజులు మీ స్టేట్‌లో మారతాయో అందులో రాస్తారు. చాలామంది ఈ పేజీలు తిప్పను కూడా తిప్పరు. మీ హక్కులు ఉన్నది అక్కడే. ఇక 'స్టేట్ చట్టం కింద నాకున్న హక్కులు వదులుకుంటున్నాను' అనే క్లాజు కనిపిస్తే కంగారు పడొద్దు. కాలిఫోర్నియా లాంటి చోట్ల అలా రాయించుకున్నా చెల్లదు.

రద్దు నోటీసు వస్తే వెంటనే ఏం చేయాలి?

నోటీసు అందిన తేదీ రాసుకోండి, కవర్ కూడా దాచండి. రోజుల లెక్క అక్కడి నుంచే మొదలవుతుంది. నోటీసులో చెప్పిన తప్పులను ఒక్కొక్కటిగా సరిదిద్ది ఫొటోలు, బిల్లులు, ఈమెయిళ్లు సాక్ష్యంగా పెట్టుకోండి. బాకీ ఉంటే ముందు అది తేల్చుకోండి. కోపంతో షాపు మూసేయొద్దు, రాయల్టీ ఆపొద్దు.. వెంటనే రద్దు చేసే అవకాశం కంపెనీకి మీరే ఇచ్చినట్టవుతుంది. సెటిల్‌మెంట్ పేరుతో 'రిలీజ్' కాగితం ఇస్తే లాయర్‌కు చూపించకుండా సంతకం చేయొద్దు. అది కూడా ఇమిగ్రేషన్ కేసులు చూసే లాయర్ కాకుండా, ఫ్రాంచైజ్ కేసుల్లో అనుభవం ఉన్న లాయర్‌ను పట్టుకోండి.

మరి హైదరాబాద్, విజయవాడలో తీసుకుంటే?

ఇండియాలో ఫ్రాంచైజీల కోసం ప్రత్యేక చట్టం లేదు. ఎఫ్‌డీడీ లాంటి డాక్యుమెంట్ ఇవ్వాలనే రూల్ కూడా లేదు. గొడవ వస్తే 1872 నాటి కాంట్రాక్ట్ చట్టం, ట్రేడ్ మార్క్స్ చట్టం, ఆర్బిట్రేషన్ చట్టం లాంటివాటి కిందే తేల్చుకోవాలి. వ్యాపారం చేసుకోకుండా అడ్డుపడే ఒప్పందాలు చెల్లవని చెప్పే కాంట్రాక్ట్ చట్టంలోని సెక్షన్ 27 కొంత ఊరట. అమెరికాలో ఉన్న బంధువు '60 రోజుల టైమ్ ఉంటుంది' అని చెప్పాడని ఇక్కడ ధీమాగా ఉండొద్దు. ఇక్కడ ఆ 60 రోజులు అగ్రిమెంట్‌లో రాయించుకుంటేనే ఉంటాయి.

మొత్తంగా చూస్తే.. ఫ్రాంచైజీ కొనేముందు బ్రాండ్ ఎంత పెద్దది, లాభం ఎంత అని అందరూ అడుగుతారు. వాటితో పాటు ఇంకో ప్రశ్న కూడా అడగండి. షాపు పెట్టబోయే స్టేట్‌లో రద్దుకు, రెన్యువల్‌కు, అమ్మకానికి ఏ రూల్ ఉంది? జవాబు 'ఏ రూల్ లేదు' అయితే, ఆ రక్షణలన్నీ సంతకానికి ముందే అగ్రిమెంట్‌లో రాయించుకోవాలి. సంతకం అయ్యాక బేరం ఆడే అవకాశం దాదాపు ఉండదు.

(గమనిక: ఇది సాధారణ అవగాహన కోసం ఇచ్చిన సమాచారం. చట్టాలు మారుతుంటాయి కాబట్టి నిర్ణయం తీసుకునే ముందు మీ స్టేట్‌లోని లాయర్‌ను సంప్రదించండి.)